బంటు తక్కువైనా ఓడని ఆట

ఒంగోలులోని ఒక కల్యాణ మండపంలో జరిగిన బాలల చదరంగం పోటీలకు నిర్వాహకులకు సాయంగా వెళ్లిన నాకు, పన్నెండేళ్లలోపు విభాగంలో కావలి అమ్మాయికీ ఒంగోలు అబ్బాయికీ మధ్య సాగిన ఆట అన్నిటికంటే ఎక్కువ నచ్చింది. డ్రాగా ముగిసింది కనుక బహుమతుల వేళ దాని ప్రస్తావనే రాలేదు.

ఆరంభం గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. ఇటాలియన్ ఓపెనింగ్ ఎత్తులను ఇద్దరూ అప్పజెప్పినట్టు ఆడేశారు. మంత్రులు, గుర్రాలు, శకట్లు మారిపోయే సందడిలో అమ్మాయి ఒక బంటు పోగొట్టుకుంది. చివరికి తెల్లపావుల అబ్బాయికి రాజు, ఏనుగు, నడిబోర్డులో ఒక బంటు, అమ్మాయికి రాజు, ఏనుగు మాత్రమే మిగిలాయి.

ఆట రక్తి కట్టింది ఇక్కడే. అమ్మాయి తన రాజును బంటుకు ఎదురుగా చివరి వరుసలో నిలిపి, ఏనుగును తన వైపు నుంచి మూడో వరుసలో అడ్డంగా తిప్పసాగింది. ఆ ఏనుగు కాపలా ఉన్నంతసేపూ తెల్లరాజు ఆ వరుసలో అడుగు పెట్టలేడు. పోనీ అని బంటునే ముందుకు తోస్తే, రాజు తలదాచుకోవలసిన చోటును ఆ బంటే ఆక్రమిస్తుంది. అప్పుడు నల్ల ఏనుగు అవతలి కొసకు దిగి వెనక నుంచి చెక్‌లు ఇస్తూనే ఉంటుంది. 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు ఫిలిడోర్ పేరుతో పిలిచే రక్షణ ఇదే. అబ్బాయి కాసేపు ఏనుగును అటూ ఇటూ జరిపి, విసిగి బంటును తోశాడు. మరుక్షణమే ఆమె ఏనుగు కొసకు దిగింది. కొన్ని చెక్‌ల తర్వాత అబ్బాయి తన ఎత్తు వేసి, గడియారం నొక్కకముందే డ్రా అడిగాడు. నియమం అదే, పెద్దవాళ్లే చాలామంది దాన్ని పాటించరు.

గుంటూరు హరికృష్ణ 2001లో, గుడివాడ హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్లయిన సంగతి మన తల్లిదండ్రులు గర్వంగా చెప్పుకుంటారు. అయితే పిల్లలకు నేర్పించమని వారు అడిగేది మాత్రం పది ఎత్తుల్లో గెలిపించే ఉచ్చులనే. ముగింపు ఆటలు నేర్పే గురువు వారి కంటికి నిదానస్తుడిలా కనిపిస్తాడు.

బయట తండ్రి, "బంటు ఎక్కువుండీ ఎందుకు గెలవలేదురా?" అని అడిగాడు. "తోస్తే వెనకనుంచి చెక్‌లు, తోయకుంటే రాజు కదలడు నాయనా" అన్నాడు అబ్బాయి. పక్కనే ఉన్న అమ్మాయి, "నా రాజు నీ బంటుకు ఎదురుగా రాకముందే నీ ఏనుగుతో నిలువునా అడ్డం కట్టుంటే నాకు కష్టమయ్యేది" అంది.