గండికోట లోయ: చింపిన కాగితం, పైన రంగు

నవంబరులో గండికోటకు పోయొచ్చాక ఆ లోయను యాక్రిలిక్‌తో మూడుసార్లు వేశాను. మూడుసార్లూ బండలు దిండ్లు పేర్చినట్టు మెత్తగా వచ్చాయి. ఎర్రమల కొండలను పెన్నా కోసుకుంటూ పోయిన ఆ చోట రాయి అడ్డంగా పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొర అంచు ఒక్కో రకంగా విరిగి ఉంటుంది. ఆ విరుపు నా బ్రష్‌కు చిక్కలేదు. ఒకరోజు అటక మీది పాత పేపర్ల కట్ట దించుతుంటే, చిరిగిన అంచులు పక్కనుంచి అచ్చం ఆ గోడలాగే కనిపించాయి. అట్లా కాగితం ముక్కలు అంటించి బొమ్మ కూర్చే కొలాజ్ పట్టుకున్నాను.

డిసెంబరు

మొదట చేసింది పాత అట్టపెట్టె ముక్క మీద. కాగితాలన్నీ అంటించి పొద్దున చూస్తే అట్ట దోనెలా వంగింది. జిగురు తడికి కాగితం సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటూ కింది అట్టను కూడా లాగేస్తుంది. ఇప్పుడు 12×16 అంగుళాల ఎండీఎఫ్ (చెక్క నారను నొక్కి చేసిన) పలక వాడుతున్నాను, మందం 3 మి.మీ. ముందు వైపు అంటించిన రోజే వెనక వైపు కూడా ఒక కాగితం అంటిస్తాను. రెండు వైపులా లాగుడు సమానమైతే పలక వంగకుండా ఉంటుంది. కాస్త ఆరాక పైన పాలిథిన్ కవరు పరిచి, దాని మీద మా వంటింటి గట్టు వేసినప్పుడు మిగిలిన కడప బండ ముక్క పెడతాను. అంత బరువు, అంత చదును ఇంకెక్కడా దొరకదు.

జిగురుకు మా జేజి మైదా గంజి కాచి ఇచ్చింది. "పలచగా కలుపుకో పాపా, ఉండలు కడితే కాగితం కింద గులకరాళ్లు ఉన్నట్టు ఉంటాది" అంది. ఒక వంతు మైదాకు ఐదు వంతుల నీళ్లు. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేయమంది. అది విషం కాబట్టి వంటగిన్నెలో కలపకూడదు. గంజి అద్భుతంగా అంటుకుంటుంది, కాగితాన్ని జరుపుకోవడానికి టైం కూడా ఇస్తుంది. కానీ పైన నీళ్ల రంగు పడితే మళ్లీ నానుతుంది. అందుకే సాధనకు గంజి, రంగు వేయాల్సిన పలకలకు యాక్రిలిక్ మ్యాట్ మీడియం (రంగు కలపని, ఆరాక మెరవని యాక్రిలిక్ ద్రవం) అని పెట్టుకున్నాను. మీడియం ఖరీదే, అయినా ఆరాక నీటికి కదలదు.

జనవరి

ఈ నెలంతా చింపడమే నేర్చుకున్నాను. కాగితానికి పోగు ఉంటుంది. న్యూస్‌పేపర్‌ను పైనుంచి కిందికి లాగితే గీత గీసినట్టు చిరుగుతుంది, అడ్డంగా లాగితే ఎగుడుదిగుడుగా. రాతి పొరలకు ఆ అడ్డం చిరుగే కావాలి. ఇంకొకటి: రంగు వేసిన కాగితాన్ని చింపితే రెండు ముక్కల్లో ఒకదానికి తెల్లని అంచు తేలుతుంది, రెండోదానికి తేలదు. లాగే దిక్కు మార్చితే ఆ తెలుపు రెండో ముక్కకు పోతుంది. ఎండ తగిలే పొర అంచుకు తెల్లంచు ముక్క, నీడలో ఉన్న పొరకు అంచు లేని ముక్క అని రెండు డబ్బాల్లో వేసుకున్నాను. ఒక వెలుగు గీత కూడా బ్రష్‌తో గీయనక్కర్లేకపోయింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఏ కాగితం అనేది పెద్ద ప్రశ్నే. న్యూస్‌పేపర్‌లో చెక్కలోని లిగ్నిన్ ఉంటుంది, వెలుతురుకు, గాలికి పసుపు పచ్చగా మారుతుంది. పైన ఏం పూసినా అది పూర్తిగా ఆగదు. అక్షరాలు కావాలంటే పేపర్‌ను మంచి కాగితం మీద జిరాక్స్ తీయించి వాడుతున్నాను. ఇంక్‌జెట్ ప్రింట్ తడికి కారిపోతుంది. గాలిపటాల కాగితం ఎరుపు చూసి మురిసి అంటిస్తే ఆకాశమంతా గులాబీ రంగు పాకింది. పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌన్ పేపర్ మాత్రం బంగారం, గండికోట రాయికి దగ్గర రంగు ముందే ఉంది.

ఫిబ్రవరి

ఫ్రెంచ్ చిత్రకారుడు మతిస్ 1940లలో కాగితాలకు ముందు గ్వాష్ అనే చిక్కటి నీటి రంగు పూయించి, తర్వాత కత్తెరతో కోసి బొమ్మలు కూర్చాడు. నేనూ ఒక ఆదివారం ఇరవై కాగితాలకు ఇటుక ఎరుపు, ఓకర్ (మట్టి పసుపు), బూడిద రంగులు పూసి ఆరేశాను. కొన్నిటి మీద రంగు తడిగా ఉండగానే పాత ఏటీఎం కార్డుతో గీరాను, రాతి గీతలు వచ్చాయి.

రంగునూ కాగితాన్నీ కలపడం మాత్రం చాలా కష్టపెట్టింది. అంటించిన రాళ్లు, వేసిన ఆకాశం వేర్వేరుగా, ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడేసినట్టు ఉండేవి. తప్పు నా వరుసలో ఉంది. అంటించడం మొత్తం అయ్యాకే రంగు మొదలుపెడుతూ వచ్చాను. ఇప్పుడు చేసేది ఇది: అంటించాక పైన పలచగా మీడియం పూసి ఒక రాత్రి ఆరనిస్తాను. మర్నాడు బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగును మీడియంలో బాగా పలచన చేసి, కాగితం మీదా రంగు మీదా ఒకే నీడను లాగుతాను, అంచు దగ్గర ఆపకుండా. అది ఆరాక ఆ నీడ మీద మళ్లీ రెండు మూడు ముక్కలు అంటిస్తాను. దాని మీద మళ్లీ కాస్త రంగు. ఏది ముందు, ఏది వెనక అన్నది కంటికి అందకుండా పోయినప్పుడే బొమ్మ ఒక్కటవుతుంది.

ఇంకో ఫ్రెంచ్ చిత్రకారుడు బ్రాక్ 1912లో చెక్క గీతలు అచ్చేసిన వాల్‌పేపర్ కొని, ముక్కలు కోసి తన బొగ్గు గీతల పక్కన అంటించాడు. చెక్క గీయాల్సిన పని ఆ కాగితం చేసింది. అది తెలిశాక నా బ్రౌన్ పేపర్ మీద రంగు సగం తగ్గించాను. కాగితం తానే రాయిగా ఉన్న చోట నేను బ్రష్ పెట్టడం లేదు.

గండికోటలోని మాధవరాయ గుడి గోపురాన్ని ఫోటో నుంచి పలక మీదికి ఎక్కించాను. ఫోటోను అద్దంలో చూసినట్టు తిప్పి జిరాక్స్ తీయించాలి, లేకపోతే గోపురం అటుదిటు అవుతుంది. పలక మీద మీడియం మందంగా పూసి, ప్రింట్‌ను బోర్లా అంటించి, ఒక పగలు ఒక రాత్రి వదిలేశాను. తర్వాత తడి వేలితో గుండ్రంగా రుద్దితే కాగితం ఊడి సిరా మిగిలింది. ఆరాక తెల్లపొర మళ్లీ తేలుతుంది. మూడుసార్లు రుద్దాల్సి వచ్చింది. శిఖరం దగ్గర గట్టిగా రుద్ది కొంత సిరా పోగొట్టుకున్నాను. ఆ చోటును సన్న బ్రష్‌తో నింపాను.

ఇప్పటి నుంచే ఎండలు ముదురుతున్నాయి. ఫ్యాన్ కింద జిగురు కాగితం పెట్టేలోపే ఆరిపోతోంది. అందుకే పొద్దున ఆరింటికి, ఫ్యాన్ ఆపి, అరచేయంత చోటుకే మీడియం పూస్తున్నాను.

లోయ అడుగున పెన్నా నీళ్లు వేయడం ఇంకా మిగిలే ఉంది. టిష్యూ కాగితానికి ఆకుపచ్చ పూసి ముడతలతోనే అంటించి చూశాను, చీర ముడతల్లా ఉంది. ట్రేసింగ్ పేపర్ కింద రంగు వేసి పైన అంటిస్తే లోతు కనిపిస్తుందనిపిస్తోంది. రేపు పొద్దున చిన్న ముక్క మీద అది చూడాలి.