మొదట మొలక, తరువాత వెన్ను

మా అన్నయ్యకూ నాకూ పదకొండేళ్లపాటు మాటలు లేవు. నాన్నగారు పోయిన తరువాత బాపట్ల దగ్గరున్న పొలాన్ని పంచుకునేటప్పుడు గట్టు ఎక్కడ వేయాలన్న విషయంలో తగాదా మొదలైంది. అది పెద్దమనుషుల దాకా వెళ్లి, చివరికి ఒకరి గుమ్మం ఒకరం తొక్కని స్థితికి వచ్చింది. అప్పటికే నేను బాప్తిస్మం తీసుకుని మూడేళ్లయింది. ప్రతి ఆదివారం సంఘంతో కలిసి పరలోక ప్రార్థన చెప్పేవాణ్ణి గాని, "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అనే మాట దగ్గరికి వచ్చేసరికి నా పెదవులు కదలడం మానేసేవి. పక్కన నిలబడిన నా భార్యకు అది తెలుసు, కానీ ఆమె ఎన్నడూ అడగలేదు.

ఒక్క ఉపవాస ప్రార్థనలో ఈ పగ కడిగేసినట్టు పోవాలని నేను కోరుకున్నాను. ఉజ్జీవ కూటాలకు వెళ్లి కన్నీళ్లతో మోకరించాను. మరునాడు పొలం వెళ్లి ఆ గట్టు చూడగానే కడుపులో అదే మంట లేచేది. నా విశ్వాసమే అబద్ధమేమో, దేవుడు నన్ను విడిచిపెట్టాడేమో అని భయపడిన రాత్రులు ఉన్నాయి.

ఆ రోజుల్లో మార్కు సువార్త నాలుగవ అధ్యాయంలోని విత్తనపు ఉపమానం నాకు కొత్తగా అర్థమైంది. విత్తినవాడు నిద్రపోతూ, లేస్తూ ఉండగా, వాడికి తెలియని విధంగానే విత్తనం మొలుస్తుంది. భూమి మొదట మొలకను, తరువాత వెన్నును, అటుతరువాత వెన్నులో ముదురు గింజలను పుట్టిస్తుంది. వరి పండించేవాడికి ఇది వివరించి చెప్పనక్కరలేదు. మేము వేసే సాంబ మసూరి దాదాపు 150 రోజుల పంట. నాట్లు వేసిన తొలి వారంలో మొక్క పసుపు తిరిగి చచ్చిపోయిందేమో అనిపిస్తుంది గాని, అప్పుడు అది వేరు పట్టుకుంటూ ఉంటుంది. పిలకలు వేసే రోజుల్లో పొట్ట చీల్చి వెన్ను కోసం వెతికే రైతు ఎవడూ ఉండడు. నేను మాత్రం నా హృదయాన్ని ప్రతి రాత్రీ అలాగే చీల్చి చూసుకునేవాణ్ణి.

నిర్గమకాండము 23వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయులతో చెప్పిన మాట నాకు ఇంకా గొప్ప ఆదరణ ఇచ్చింది. కనానీయులను ఒక్క సంవత్సరంలోనే వెళ్లగొట్టననీ, అలా చేస్తే దేశం పాడై అడవి మృగాలు విస్తరిస్తాయనీ, వారు అభివృద్ధి పొందే వరకు క్రమక్రమంగా వెళ్లగొడతాననీ ఆయన అంటాడు. ఆలస్యమని మనం పిలిచేది ఆయన కాపుదల అని ఆ వచనం చెబుతోంది. నా పగ ఒక్కసారిగా పోయి ఉంటే ఆ ఖాళీలో ఎంతటి ఆత్మీయ గర్వం మొలిచి ఉండేదో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఒంగోలులోని ప్రార్థన కొండ ఎక్కిన ప్రతిసారీ ఇదే తలపుకు వస్తుంది. 1836లో మొదలైన అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషనులో పదిహేడేళ్లు గడిచినా ఫలం అతి స్వల్పంగా ఉండడంతో, 1853లో దాన్ని మూసివేయాలా అని అమెరికాలో చర్చ జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషను మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఆ కొండ మీద మోకరించారు. మన ప్రసంగాల్లో ఆ ప్రార్థన చెప్పిన వెంటనే 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతికి వెళ్లిపోతాము. మధ్యలోని ఇరవై నాలుగు సంవత్సరాలను దాటవేయడం నాకు నచ్చదు. ఆ ఇరవై నాలుగు సంవత్సరాల్లోనూ దేవుడు అంతే నమ్మదగినవాడుగా ఉన్నాడు.

నా విషయంలో మొదటి మొలక చాలా చిన్నది. అన్నయ్య పేరు ప్రార్థనలో పలకగలిగాను, అంతే. ఏమి అడగాలో తెలియక పేరు చెప్పి ఊరుకునేవాణ్ణి. దాదాపు రెండేళ్ల తరువాత ఆయనకు జ్వరమని విని, ఆరోగ్యం కోసం నిజంగా అడిగాను. ఆ తరువాత ఆయన కూతురి పెళ్లికి వెళ్లి, వెనుక వరుసలో కూర్చుని, భోజనం చేయకుండా వచ్చేశాను. మరుసటి క్రిస్మస్‌కు ఆయన ఇంట్లో భోజనం చేశాను. ఈనాటికీ ఎవరైనా సర్వే రాళ్ల మాట ఎత్తితే లోపల ఏదో కదులుతుంది. దాన్ని దాచకుండా ప్రభువు దగ్గరికి తీసుకువెళుతున్నాను.

మొన్నటి సార్వాలో కాలువ నీళ్లు వంతుల మీద వచ్చాయి. పొలం పొట్ట మీద ఉంది, వెన్ను బయటికి రాబోతోంది, నా వంతు ఇంకా రెండు రోజులుంది. తెల్లవారకముందే పార పట్టుకుని వెళ్లి చూస్తే నా మడిలో చీలమండ లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి. మేము తగాదా పడిన ఆ గట్టుకే నీళ్లు నా వైపు పారేలా కొత్తగా మడవ తీసి ఉంది, తడి మట్టిలో అన్నయ్య అడుగులు కనిపించాయి. ఆయన ఇంటికి వెళ్లి, "అన్నయ్యా, నీ వంతు నీళ్లు నాకు పెట్టావా?" అని అడిగాను.

"నీ మడి నెర్రెలిస్తోందిరా. ముందు నీది తడవనీ," అన్నాడు.