మా తలుపుకి వేలాడిన బోర్డు

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మేం అద్దెకు దిగిన బిల్డింగులో ఎనిమిది ఇళ్ళు. నాలుగంతస్తులు, అంతస్తుకి రెండు. 2018 సెప్టెంబరులో ఒక శనివారం సామాను దించుకున్నాం. మెట్ల మీద ఎదురైన ఇద్దరు "గ్రూస్ గోట్" అని పలకరించి వెళ్ళిపోయారు. ఆ తరవాత మూడు వారాలు కొరియర్ అబ్బాయి తప్ప మా బెల్ ఎవరూ నొక్కలేదు.

తెనాలిలో మేం ఇల్లు మారినప్పుడు లారీ ఖాళీ కాకముందే పక్కింటావిడ బిందెతో మంచినీళ్ళు పంపింది. సాయంత్రానికల్లా మా ఊరేదో, అమ్మమ్మ వాళ్ళదేదో ఆవిడకి తెలుసు. నేను ఇక్కడా అలాంటి పిలుపు కోసమే ఎదురుచూశాను. రాకపోయేసరికి మేమంటే ఇష్టం లేదేమో అనుకుని బాధపడ్డాను. తరవాత తెలిసింది, ఇక్కడ పద్ధతి వేరు. కొత్తగా వచ్చినవాళ్ళే ఒక్కో తలుపు దగ్గరికీ వెళ్ళి, మేం ఫలానా, ఈ ఇంట్లో దిగాం అని చెప్పుకోవాలి. అంటే మేం వాళ్ళ కోసం ఎదురుచూస్తుంటే, వాళ్ళు మా కోసం చూశారన్నమాట.

ఇక్కడ కాలింగ్ బెల్ మీద ఫ్లాట్ నంబరు ఉండదు, ఇంటిపేరే ఉంటుంది. పోస్టుబాక్సు మీదా అంతే. పెద్దవాళ్ళందరూ నన్ను మా ఇంటిపేరుతోనే పిలుస్తారు. స్కూల్లో హాజరు పిలిచినప్పుడు తప్ప ఇంటిపేరుతో పలికించుకోని నాకు అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది.

నాలుగో వారంలో మా తలుపు పిడికి ఒక చిన్న చెక్కబోర్డు వేలాడుతూ కనిపించింది. దాని మీద "కేర్‌వోఖె" అని రాసి ఉంది. నాకు అప్పటికి జర్మన్ రాదు. ఎవరో పొరపాటున తగిలించారనుకుని లోపల చెప్పుల స్టాండు మీద పెట్టాను. వారం గడిచింది. తరవాతి ఆదివారం సాయంత్రం బెల్ మోగింది. ఎదురింటి పెద్దావిడ. డెబ్భై ఏళ్ళుంటాయి. బోర్డు ఎక్కడుందని సైగలతో అడిగారు. తీసి ఇచ్చాను. ఆవిడ కోప్పడలేదు. నా చెయ్యి పట్టుకుని మెట్ల దాకా తీసుకెళ్ళి, మా గుమ్మం ముందునుంచి కింది అంతస్తు దాకా వేలితో చూపించి, చీపురుతో ఊడ్చి తడిగుడ్డ పెట్టాలని చేసి చూపించారు. ఆ వారం నా వంతు పనీ ఆవిడే చేశారని అప్పుడు అర్థమైంది. సిగ్గుతో ముఖం ఎత్తలేకపోయాను.

కేర్‌వోఖె అంటే ఊడ్చే వారం. స్టుట్‌గార్ట్ ఉన్న ష్వాబియా ప్రాంతంలో ఇది తరతరాల అలవాటు. ఊరు శుభ్రంగా ఉండాలంటే ఎవరి పేడ వాళ్ళు వారం వారం బయటికి తోలుకోవాలని 1492లోనే కౌంట్ ఎబర్‌హార్డ్ ఈ నగరానికి శాసనం చేశాడట. నగర నిబంధనగా దాన్ని 1980ల చివర్లో తీసేసినా, అద్దె ఒప్పందాల్లో అది ఇంకా బతికే ఉంది. మాది చదివించుకుంటే అందులోనూ ఉంది. చిన్న కేర్‌వోఖె అంటే మన అంతస్తు, అక్కడినుంచి కిందికి దిగే మెట్లు. ఎదురిల్లు, మేము వారం విడిచి వారం. పెద్ద కేర్‌వోఖె ఎనిమిది వారాలకోసారి వస్తుంది. బయట పేవ్‌మెంటు, కెల్లర్ అనే నేలమాళిగ, చెత్తడబ్బాలు పెట్టే చోటు అన్నీ చూడాలి. చలికాలంలో మంచు పడితే జనం పనులకి బయల్దేరకముందే దారి చెయ్యాలి, ఉప్పో ఇసుకో చల్లాలి.

నాకు ఇది బరువనిపించలేదు. మా ఇంట్లో పొద్దున్నే వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లకుండా రోజు మొదలయ్యేది కాదు. మా అమ్మ వాకిలి ఊడుస్తున్నప్పుడే వీధిలో సగం మాటలు నడిచేవి. ఇక్కడా అదే జరిగింది. చీపురు పట్టుకుని మెట్ల మీద ఉన్న మనిషిని దాటుకుంటూ ఎవరూ మాట్లాడకుండా పోలేరు. పై అంతస్తు కుర్రాడు సైకిలు దించుతూ ఆగేవాడు. మూడో అంతస్తు దంపతులు చెత్త ఎలా వేరు చెయ్యాలో నేర్పారు. కాగితం ఒక డబ్బాలో, కూరగాయల తొక్కలు ఇంకోదాంట్లో, ప్లాస్టిక్ పసుపు సంచిలో. సీసాలు వీధి చివరి డబ్బాల్లో రంగుల వారీగా వెయ్యాలి, ఆదివారం మాత్రం వెయ్యకూడదు, చప్పుడవుతుంది.

ఒక నెల వయసు జర్మన్‌తో, ఒక శనివారం సాయంత్రం నాలుగింటికి, సున్నుండలు డబ్బాలో పెట్టుకుని మేమిద్దరం ఏడు తలుపులూ తట్టాం. ఆలస్యంగానే అయినా వెళ్ళినందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను. కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. మొదటి వారంలోనే వెళ్ళండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా వద్దు, అది విశ్రాంతి వేళ. ఆదివారం కూడా వద్దు. లోపలికి పిలవలేదని చిన్నబుచ్చుకోకండి. గుమ్మంలో ఐదు నిమిషాలు నిలబడి మాట్లాడితే ఇక్కడ పరిచయం అయినట్టే.

మా మిక్సీ గురించి కూడా చెప్పాలి. ఒకరోజు పోస్టుబాక్సులో చీటీ ఉంది. రాత్రి పది తరవాత ఆ చప్పుడు ఆపగలరా అని, కింద సంతకం లేకుండా. నాకు రెండు రోజులు నిద్రపట్టలేదు. ఎదురింటావిడకి చూపిస్తే చదివి, కింది ఇంటాయనకి తెల్లవారుజామున షిఫ్టు అని చెప్పారు. నేనే వెళ్ళి క్షమించమని అడిగాను. ఆయనే ఎక్కువ ఇబ్బందిపడ్డారు. అప్పటినుంచి ఇడ్లీపిండి, పచ్చళ్ళు ఏవైనా రాత్రి ఏడు లోపే రుబ్బేస్తాను. పుట్టినరోజుకి జనం వస్తారనుకుంటే వారం ముందే మెట్ల దగ్గర కాగితం అంటిస్తాను. ఒక్కసారి కూడా ఎవరూ కాదనలేదు.

2020 మార్చిలో కరోనా వచ్చాక ఎదురింటావిడ బయటికి రావడం మానేశారు. పిల్లలు వేరే ఊళ్ళో ఉన్నారు. సామాను తెచ్చిపెడతామని మెట్ల దగ్గర చీటీ పెట్టాం. మర్నాడు మా తలుపు పిడికి గుడ్డసంచి వేలాడింది. లోపల కవరులో డబ్బు, వంకర అక్షరాల జాబితా. పాలు, రొట్టె, యాపిల్స్, పిల్లికి తిండి. దాదాపు రెండు నెలలు వారానికి రెండుసార్లు అలా సంచి వచ్చేది. నేను తెచ్చి ఆవిడ గుమ్మం ముందు పెట్టి, బెల్ కొట్టి మా తలుపు దాకా వెనక్కి వచ్చి నిలబడేదాన్ని. ఆవిడ తలుపు తీసేవారు. అటు ఆవిడ, ఇటు నేను, మధ్యలో మేం వంతులేసుకుని తుడిచే ఆ నేల. నా జర్మన్‌లో సగం అక్కడే నేర్చుకున్నాను.

ఆ వేసవిలో ఒకరోజు ఆవిడ యాపిల్ రసం రెండు గ్లాసుల్లో పోసి, ఇకనుంచి మనం "డూ" అనుకుందాం అన్నారు. జర్మన్‌లోనూ మనలాగే మీరు, నువ్వు ఉన్నాయి, "జీ", "డూ". నువ్వు అనుకుందామని పెద్దవాళ్ళే ముందు అడగాలి. అది వాళ్ళు ఇచ్చే చనువు. నాకు గొంతు పట్టేసింది. కానీ మా అమ్మ ఈడు ఆవిడని నువ్వు అని, పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. చాలా రోజులు ఆ రెండూ రాకుండా మాటలు తిప్పుకుంటూ గడిపాను. ఆవిడ కనిపెట్టి అడిగేశారు. మా దగ్గర ఇంత పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవం అని చెప్పాను.

"మరి మీ భాషలో అయితే నన్ను ఏమంటావు?"

"పిన్నిగారూ అంటాను."

రెండుసార్లు పలికించుకున్నారు. తరవాతి వారం బోర్డు మా తలుపుకి వచ్చినప్పుడు, దాంతోపాటు ఒక సంచిలో ఇంట్లో చేసిన ప్లమ్ జామ్ సీసా ఉంది. మూత మీద అంటించిన కాగితంలో తేదీ, దాని కింద జర్మన్ అక్షరాల్లో "పిన్నిగారు" అని సంతకం.