చేతిలో 255 రూపీలు, తెరుచుకోని తలుపు

నిన్న రాత్రి పన్నెండున్నరకు నేను కట్టిన వీడియో గేమ్ సాహసం (క్వెస్ట్ అంటారు) సవరించిన ప్రతిని ఆడినవాళ్లందరికీ పంపేశాను. పదకొండు నెలల పని. కట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది, ఆడినవాళ్లు చెప్పింది విని తట్టుకోవడానికి మూడు నెలలు. ఆ మూడు నెలల సంగతి మనసులో పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను.

తెలియనివారికి రెండు మాటలు. 1986లో జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ సాహస ఆటలకు పెద్ద దిక్కు. పైన 128 తెరల లోకం, కింద తొమ్మిది నేలమాళిగలు. చిన్నతనంలో కొండలూ గుహలూ తిరిగిన అనుభవమే దానికి మూలమని రూపకర్త షిగెరు మియమొతో చెప్పుకున్నారు. ఆ ఆటను అభిమానులు కంప్యూటర్ మీదికి తెచ్చారు. 1999లో మొదలైన ఆ పనికి జెల్డా క్లాసిక్ అని పేరు పెట్టారు. దాంతోపాటు ఆట కట్టుకునే ఒక ఎడిటర్ ప్రోగ్రామ్ వస్తుంది. ఓపిక ఉన్నవారెవరైనా అందులో సొంత క్వెస్ట్ కట్టుకోవచ్చు.

కట్టడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒక్కో తెర అడ్డంగా 16 గళ్లు, నిలువుగా 11. చెట్టు, రాయి, నీళ్లు పేర్చుకుంటూ పోవడమే. ఏ పొదను కాలిస్తే మెట్లు కనబడాలో, ఏ గోడను బాంబుతో పేలిస్తే దారి రావాలో అక్కడ గుర్తు పెడితే చాలు. అసలు ఆటలో మొదటి నేలమాళిగ పటం గద్ద ఆకారంలో ఉంటుంది. నా ఐదో నేలమాళిగను నెమలి ఆకారంలో కట్టాను. పించం వైపు గదులు కుదరడానికే మూడు వారాలు పట్టింది. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

పూర్తయ్యాక ఆడి చూడమని అడిగితే పదకొండు మంది ముందుకొచ్చారు. వారం తిరిగేసరికి జవాబులు మొదలయ్యాయి. ‘చాలా బాగుంది’, ‘అడవి భాగం అద్భుతం’, ‘రెండో నేలమాళిగలో నీటి గది మరిచిపోలేను’. తొమ్మిది మంది ఇలాగే రాశారు. ఒకాయన మాత్రం ‘విసుగు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. ఎక్కడ విసుగొచ్చిందో, ఎందుకొచ్చిందో చెప్పలేదు. ఎనిమిది నెలల పనికి ఒక్క ముక్క జవాబిచ్చేవాళ్లంటే నాకు ఇప్పటికీ గౌరవం లేదు.

పదకొండో మనిషి కెనడాలో ఉంటారు. యాభైకి దగ్గరపడిన వయసు. 1987లో అమెరికా, కెనడాల్లో ఈ ఆట బంగారు రంగు కార్ట్రిడ్జ్‌లో వచ్చినప్పుడు బడిపిల్లవాడు. ఆయన నుంచి పొగడ్త రాలేదు, తిట్టూ రాలేదు. ఆట ఆపిన చోటును దాచే ఒక సేవ్ ఫైలు, దానికింద ఒక వాక్యం: ‘ఇక్కడి నుంచి నేను ఎలా ముందుకు వెళ్లాలో మీరు ఆడి చూపించండి.’

తెరిచాను. మూడో నేలమాళిగ, నడి గది. కథానాయకుడు లింక్ గది మధ్యలో నిలబడి ఉన్నాడు. ప్రాణాన్ని చూపే గుండెలు నిండా, ఎనిమిది బాంబులు, 255 రూపీలు. ఆ ఆటలో డబ్బును రూపీలనే అంటారు, అంతకు మించి సంచిలో పట్టవు. తాళంచెవులు సున్నా. పడమటి తలుపు తెరిచి ఉంది, ఉత్తరపు తలుపు తెరిచి ఉంది. తూర్పు తలుపుకు తాళం. ముందుకు దారి తూర్పునే.

ఆ గదికి వచ్చేసరికి ఆటగాడి దగ్గర రెండు తాళంచెవులు ఉండేలా పెట్టాను. పడమట బాంబులు, ఉత్తరాన దిక్సూచి, రెండూ అక్కడితో ఆగిపోయే దారులే. తూర్పుకు వెళితే ఇంకో రెండు తాళంచెవులు దొరుకుతాయి. నేను ఆడిన ప్రతిసారీ ముందు తూర్పుకే వెళ్లాను. కట్టింది నేను కాబట్టి దారి నాకు తెలుసు. ఆయనకు తెలియదు. పడమటికి ఒకటి, ఉత్తరానికి ఒకటి ఖర్చు పెట్టేశారు. ఆరు గంటల ఆట అక్కడితో చచ్చిపోయింది.

అసలు ఆటలో ఇలా జరగదు. ఒక నేలమాళిగలో మిగిలిన తాళంచెవి ఇంకోచోట పనికొస్తుంది. చాలకపోతే దుకాణంలో 80కో 100కో కొనుక్కోవచ్చు. తాళంచెవి కొనుక్కోవడం నాకు దొంగదారిలా అనిపించి దుకాణాల్లోంచి తీసేశాను. మొదటి రెండు నేలమాళిగల్లో ఒక్కటీ మిగలకుండా లెక్క కట్టాను. దాన్ని పనితనం అనుకున్నాను.

అయినా ఆ రాత్రి తప్పు ఒప్పుకోలేదు. ‘తాళంచెవులు తక్కువ ఉన్నప్పుడు ఆచితూచి వాడాలి. మీరు తొందరపడ్డారు’ అని రాశాను. ఆ వాక్యం గుర్తొస్తే ఈ రోజుకూ చెవులు వేడెక్కుతాయి.

రెండు రోజులకు ఫొటో వచ్చింది. గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో నా మూడో నేలమాళిగ మొత్తం. ప్రతి గదికీ అంకె, ప్రతి తలుపుకూ గీత. నడి గది దగ్గర మూడు బాణాలు గీసి, రెండు తాళంచెవులతో ఎన్ని వరసల్లో తలుపులు తీయవచ్చో పక్కన రాశారు. ఆరు వరసలు. అందులో రెండింటి ఎదురుగా ఎర్ర పెన్నుతో ఇంటూ గుర్తు. కింద ఇలా ఉంది: ‘తలుపు మీద ఏమీ రాసి లేదు. ఆచితూచి చూడటానికి నాకు ఏం ఇచ్చారు? 1987లో నా ఆట పెట్టెలో పటం ఉంది, చిన్న పుస్తకం ఉంది, మర్నాడు బడిలో అడగడానికి స్నేహితులున్నారు. ఇక్కడ నాకు ఉన్నది మీరొక్కరే.’

ఆ కింద ఇంకో ప్రశ్న. ‘మూడో నేలమాళిగ దాటాక ఏముందో మీకు ఎవరైనా చెప్పారా?’

పొగడ్తలన్నీ మళ్లీ తీసి చదివాను. అడవి మొదటి నేలమాళిగకు ముందు. నీటి గది రెండోదాంట్లో. నెమలి గురించి ఒక్కరూ రాయలేదు. అందరికీ నచ్చేసిందని నేను నెల రోజులుగా సంబరపడుతుంటే, అంత దూరం ఎవరూ వెళ్లనే లేదు.

తొమ్మిది మందిలో నలుగురికి విడివిడిగా రాసి అడిగాను. ముగ్గురు అదే గదిలో ఆపేశామన్నారు. ఒకమ్మాయి జవాబు నన్ను బాగా బాధపెట్టింది. ‘నాకే ఆడటం రాలేదనుకున్నాను. మీరు కష్టపడి చేశారు కదా అని బాగుందని రాశాను’ అంది. నా తప్పును ఆ అమ్మాయి తన మీద వేసుకుంది. కెనడా ఆయన అలా వేసుకోలేదు కాబట్టే నాకు తెలిసింది.

ఇలాంటిది కట్టేవాళ్లకు చెబుతున్నాను, ‘ఎలా ఉంది?’ అని అడగకండి, మర్యాద తప్ప ఏమీ రాదు. ‘ఎక్కడ ఆపేశారు?’ అని అడగండి, సేవ్ ఫైలు పంపమనండి. స్నేహితుల చేత ఆడిస్తే పక్కన కూర్చుని నోరు మూసుకోండి. నేను మా తమ్ముడిని కూర్చోబెట్టి చూశాను. వాడు ఒకే తెరలో పొదలు కాల్చడానికి పాతిక నిమిషాలు తిరిగాడు. పొదలు కాల్చే నీలం కొవ్వొత్తి తెరకు ఒక్కసారే వెలుగుతుంది కదా, కాల్చడం, బయటికి వెళ్లడం, మళ్లీ రావడం. మెట్లున్న పొద ఆ పక్క తెరలో ఉంది. చెప్పకుండా ఉండటానికి చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ సాయంత్రమే ఆ పొద చుట్టూ గడ్డి తీసేసి దాన్ని ఒంటరిగా నిలబెట్టాను.

ఒక్క విషయంలో మాత్రం నేను తగ్గలేదు. ఏడో నేలమాళిగలో గుర్తు లేని గోడలోంచి నడిచి వెళ్లే చోటు ఉంది. దాని గురించి చెబితే తీసేయమని ఇద్దరు గట్టిగా అడిగారు. అసలు ఆట ఒకసారి పూర్తిచేశాక వచ్చే రెండో క్వెస్ట్‌లోనూ అలాంటి గోడలున్నాయి, నాకు ఆ ఆట మీద ప్రేమ పుట్టింది అక్కడే. కాబట్టి గోడ ఉంచాను. రెండు గదుల ముందు ఒక ముసలాయన్ను నిలబెట్టి ‘రాయి అంతా రాయి కాదు’ అనిపించాను. ఇంతకన్నా దిగిరాను.

మూడో నేలమాళిగ సంగతికొస్తే, ఉత్తరపు గదిలో దిక్సూచి పక్కన ఒక తాళంచెవి పెట్టాను. దాంతో ఏ వరసలో వెళ్లినా తూర్పు తలుపు తెరుచుకుంటుంది. ఆ కాగితం మీది ఆరు వరసలూ ఒక్కొక్కటిగా ఆడి చూశాకే నమ్మాను. కానీ ఆయన ఉత్తరపు గదిని ఎప్పుడో దాటేశారు. ఆరు గంటల ఆట వదిలేసి మొదటి నుంచి రమ్మనడానికి నోరు రాలేదు. అందుకని నేలమాళిగ బయట చెరువు గట్టు మీద ఒక దుకాణం తెరిచి తాళంచెవి 80 రూపీలకు పెట్టాను. పాత సేవ్ ఫైలుతోనే ఆడవచ్చని, ముందు చెరువు దగ్గరికి వెళ్లమని, ఆ రోజు రాసినదానికి క్షమించమని రాశాను.

ఈ ఉదయం ఆయన సేవ్ ఫైలు వచ్చింది. కింద ఏమీ రాయలేదు. తెరిచి చూశాను. తూర్పు తలుపు తీసి ఉంది, లింక్ దాని అవతలి గదిలో ఉన్నాడు. తాళంచెవులు రెండు, రూపీలు 15. ఒకటి చాలే చోట మూడు కొన్నారు.