ఇష్టార్ ఎక్కేదాకా: ఈవ్ ఆన్‌లైన్‌లో నా స్కిల్ ప్లాన్

అంతరిక్ష నౌకలు నడిపే ఆన్‌లైన్ గేమ్ ఈవ్ ఆన్‌లైన్‌లో శత్రువుల్ని ఎంతమందిని కూల్చినా లెవెల్ పెరగదు, ఎందుకంటే పాత్రకు లెవెల్ అనేదే లేదు. ఉన్నవన్నీ స్కిల్సే. వాటిని క్యూలో పెడితే నిజమైన గడియారం ప్రకారం నేర్చుకుంటూ పోతాయి. మనం ఆఫీసులో ఉన్నా, నిద్రపోతున్నా ట్రైనింగ్ ఆగదు. ఐస్‌లాండ్ కంపెనీ సీసీపీ 2003లో ఈ గేమ్ తెచ్చినప్పటి నుంచీ పద్ధతి ఇదే. 2009కి ముందు క్యూ కూడా లేదు, ఒకసారికి ఒక్క స్కిలే. అది అర్ధరాత్రి పూర్తయ్యేలా ఉంటే లేచి ఇంకోటి పెట్టుకోవాలి, లేదంటే తెల్లారేదాకా పోయిన గంటలు పోయినట్టే. తర్వాత 24 గంటల క్యూ వచ్చింది, 2014లో ఆ పరిమితీ తీసేశారు. ఇప్పుడు డబ్బు కట్టి ఆడే ఒమేగా ఖాతా ఉంటే నెలల ట్రైనింగ్ ఒకేసారి పేర్చి పెట్టొచ్చు. ప్లానింగ్ అవసరం అక్కడే మొదలవుతుంది.

మొదట్లో నా లిస్టు చాంతాడంత ఉండేది. మా కార్పొరేషన్‌లో (గేమ్‌లో ఆటగాళ్ళ జట్టుని అలా అంటారు) డల్లాస్ నుంచి ఆడే ఒక తెలుగు అన్నయ్య ఉన్నాడు. లిస్టు చూపిస్తే పూర్తిగా చదవను కూడా చదవలేదు. "ముందు ఏ షిప్ ఎక్కాలనుకుంటున్నావో చెప్పు తమ్ముడూ. మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది" అన్నాడు. నాకు డ్రోన్లంటే, అంటే షిప్ నుంచి ఎగరేసే చిన్న పోరాట యంత్రాలంటే ఇష్టం, అప్పటికి నడుపుతున్నది వెక్సర్ అనే షిప్. ఆ దారిలో తర్వాతి పెద్ద మజిలీ ఇష్టార్ అనే షిప్. దానికి గాలెంటే క్రూయిజర్ స్కిల్ (గాలెంటే జాతి మధ్యరకం షిప్‌లు నడిపే స్కిల్) ఐదో లెవెల్ తప్పనిసరి. ఫ్రీగా ఆడే ఆల్ఫా ఖాతాకి ఆ షిప్ అందదు. పైగా ఆల్ఫాలో ట్రైనింగ్ సగం వేగమే, అదీ 50 లక్షల స్కిల్ పాయింట్ల దాకే. కాబట్టి ఒమేగా తీసుకున్నాకే ప్లాన్ రాయడం మొదలుపెట్టాను.

ఇక అసలు లెక్క. ఏ స్కిల్‌కైనా ఐదు లెవెల్సే. ప్రతి స్కిల్‌కీ ఒక గుణకం ఉంటుంది, అదెంతైతే పాయింట్లు అన్ని రెట్లు కావాలి. గుణకం ఒకటి ఉన్న స్కిల్‌కి నాలుగో లెవెల్ దాకా మొత్తం 45,255 పాయింట్లు, ఐదో లెవెల్ దాకా 2,56,000. అంటే మొత్తం ఖర్చులో 82 శాతం ఆ చివరి మెట్టుకే పోతుంది. ఫలితం మాత్రం సాధారణంగా ప్రతి లెవెల్‌కీ సమానంగానే పెరుగుతుంది. ఈ ఒక్క లెక్క అర్థమయ్యాక నా లిస్టు సగానికి సగం తగ్గిపోయింది. షీల్డ్, ఆర్మర్, కెపాసిటర్, నావిగేషన్ లాంటి ఏ షిప్‌కైనా పనికొచ్చే స్కిల్స్‌ని ముందు నాలుగు దాకా తెచ్చి వదిలేశాను.

ఐదో లెవెల్ ఎక్కడ పెట్టాలో తేల్చడానికి రెండు డ్రోన్ స్కిల్స్‌ని పక్కపక్కన పెట్టి చూశాను. డ్రోన్స్ అనే స్కిల్‌కి గుణకం ఒకటే. నాలుగులో నాలుగు డ్రోన్లు ఎగరేస్తాం, ఐదులో ఐదు. దెబ్బ ఏకంగా పాతిక శాతం పెరుగుతుంది, పట్టేది ఐదు రోజుల లోపే. డ్రోన్ ఇంటర్‌ఫేసింగ్‌కి గుణకం ఐదు. లెవెల్‌కి డ్రోన్ల దెబ్బ పది శాతం పెరుగుతుందని రాసి ఉంటుంది కానీ, 140 కాస్తా 150 అయితే నిజంగా పెరిగేది ఏడు శాతమే. దానికి 10,53,725 పాయింట్లు, అంటే మామూలు వేగంలో 24 రోజులు. మొదటిది వెంటనే క్యూలో పైకెక్కింది. రెండోది ఇష్టార్ తర్వాత చూద్దాంలే అని కిందికి తోశాను. గాలెంటే క్రూయిజర్ ఐదుకీ సరిగ్గా అంతే ఖర్చు. కానీ అది లేకపోతే ఇష్టార్ తలుపే తెరుచుకోదు కాబట్టి అక్కడ బేరానికి తావు లేదు.

నాకు ఎక్కువ టైం పట్టింది రిమ్యాప్ దగ్గర, అంటే పాత్ర గుణాల్ని మళ్ళీ సర్దుకునే దగ్గర. పాత్రకి పర్సెప్షన్, విల్‌పవర్, మెమరీ లాంటి ఐదు గుణాలుంటాయి. ప్రతి స్కిల్‌కీ వాటిలో ఒకటి ప్రధానం, ఒకటి సహాయకం. నిమిషానికి వచ్చే పాయింట్లంటే ప్రధాన గుణం, దానికి తోడు సహాయక గుణంలో సగం. మామూలుగా 20, 20 ఉంటే నిమిషానికి 30. రిమ్యాప్‌తో పర్సెప్షన్‌ని 27కి, విల్‌పవర్‌ని 21కి తెస్తే షిప్ స్కిల్స్ 37.5తో పరిగెడతాయి, 24 రోజుల క్రూయిజర్ ఐదు 20 రోజుల లోపే అయిపోతుంది. కానీ మిగతా గుణాలు 17కి పడిపోతాయి. ఆర్మర్, షీల్డ్ లాంటి ఇంటెలిజెన్స్, మెమరీ స్కిల్స్ 25.5తో ఈసురోమంటూ నడుస్తాయి. కొత్త పాత్రకి ఇచ్చే బోనస్ రిమ్యాప్‌లు వాడేశాక ఏడాదికి ఒక్కసారే మార్చుకోవచ్చు. అందుకే ముందు ఇంటెలిజెన్స్ స్కిల్స్‌ని ఖాళీ చేసి, ఆ తర్వాతే మార్చాను. లెక్క వేస్తుంటే ఒక సంగతి బయటపడింది. డ్రోన్ స్కిల్స్‌కి మెమరీ ప్రధానం, పర్సెప్షన్ సహాయకం. ఈ కొత్త మ్యాప్‌లో 17కి 13.5 కలిపితే 30.5. అంటే డ్రోన్లు నడిపేవాడికి నష్టం లేకపోగా అర పాయింటు కొసరు!

ఇంప్లాంట్ల (గుణాలు పెంచడానికి పాత్ర తలలో పెట్టుకునే పరికరాలు) విషయంలో నేను కాస్త పిసినారినే. ఐదు పాయింట్లిచ్చేవి పెట్టుకుంటే వేగం పెరిగే మాట నిజమే. కానీ షిప్ కూలాక పైలట్ మిగిలే పాడ్ కూడా పేలితే స్కిల్స్ ఉంటాయి గానీ ఇంప్లాంట్లు బూడిదే. అంత ఖరీదైనవి తలలో పెట్టుకుని టెన్షన్‌తో స్టేషన్ దాటకుండా కూర్చోవడం కంటే, చవకవి పెట్టుకుని రోజూ ఎగరడమే నయం.

2016 నుంచి, ఎదురుచూడకుండా ఒకేసారి పాయింట్లిచ్చే స్కిల్ ఇంజెక్టర్లు కూడా ఉన్నాయి. 50 లక్షల లోపు పాయింట్లున్న పాత్రకి పెద్ద ఇంజెక్టర్ ఒకటి 5 లక్షలిస్తుంది, ఆ గీత దాటితే 4 లక్షలే, 5 కోట్లు దాటితే 3 లక్షలు, 8 కోట్లు దాటితే లక్షన్నర. చేతిలో ఐఎస్‌కే (గేమ్‌లోని డబ్బు) ఉన్నప్పుడు మనసు లాగుతుంది. నేను మాత్రం ఆ డబ్బుతో షిప్‌లు కొన్నాను. ట్రైనింగ్ ఎలాగూ దానంతటదే నడుస్తుంది, షిప్‌లు అలా రావు కదా.

గాలెంటే క్రూయిజర్ ఐదు పూర్తయ్యేది సర్వర్ డౌన్‌టైమ్ దగ్గర్లో పడింది. రోజూ మన టైంలో సాయంత్రం నాలుగున్నరకి సర్వర్ కాసేపు మూస్తారు. మూసినా ట్రైనింగ్ నడుస్తూనే ఉంటుంది. లాగిన్ అయ్యేసరికి స్కిల్ సిద్ధంగా ఉంది, ఆ రాత్రికే ఇష్టార్‌లో ఐదు డ్రోన్లతో బయల్దేరాను. అదే ఐదో లెవెల్‌తో ఫ్లీట్‌లో అందరికీ రిపేర్లు చేసే ఒనైరోస్‌కీ దారి పడింది. డ్రోన్ ఇంటర్‌ఫేసింగ్ ఐదు కంటే ముందు దానికి కావలసిన లాజిస్టిక్స్ క్రూయిజర్స్‌నే క్యూలో పెట్టాను. మా కార్పొరేషన్‌లో తుపాకులు పట్టేవాళ్ళకి కొదవ లేదు, రిపేర్లకి మాత్రం ఎప్పుడూ మనుషులు చాలరు.