41 రోజుల లెక్క

అయ్యప్ప మాల నేను మూడుసార్లు వేసుకున్నాను. భక్తి ఉంది, కాదనను, కానీ అసలు కారణం మందు మానాలని. మూడుసార్లూ 41 రోజులు చుక్క ముట్టలేదు, చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, అన్నీ నిష్ఠగా చేశాను, అమ్మ సంబరపడిపోయింది, మా ఆవిడ వాళ్ళ పుట్టింటికి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది. మాల తీసిన రెండో రోజుకో మూడో రోజుకో మళ్ళీ బెల్టు షాపు దగ్గరే ఉండేవాడిని. స్వామి తప్పేం లేదు. 41వ రోజు ఎప్పుడొస్తుందా అని లోపల నేను లెక్కపెట్టుకుంటూనే ఉండేవాడిని.

నాలుగోసారి మాల కూడా లేకుండా, ఎవరికీ చెప్పకుండా, సంక్రాంతి ముందు ఒక్కసారిగా మానేశాను. అప్పటికి రోజూ పొద్దున్నే పడితే గానీ చేతులు ఆడని స్థితి. రెండో రోజుకి ఒళ్ళంతా చెమట, వణుకు, కునుకు లేదు. మూడో రోజు రాత్రి గోడ మీద చీమలు బారులు కట్టి పాకుతున్నట్టు కనిపించాయి, లేని చీమల్ని దుప్పటి మీద నుంచి దులుపుతూ కూర్చున్నాను. గాలి సోకిందన్నారు ఇంట్లో. మా బావమరిది మాత్రం ఎవరి మాటా వినకుండా ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. రోజూ గట్టిగా తాగేవాళ్ళు ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు అని డాక్టరు గారు చెప్పేదాకా నాకు తెలియదు. బి1 విటమిన్ ఇంజక్షన్లు ఇచ్చారు, నిద్రకి మందులిచ్చారు. మీ ఇంట్లో ఎవరైనా మానేస్తానంటే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, దయచేసి.

డిశ్చార్జి రోజున ఆయన అన్నారు, ‘ఒంట్లోంచి తీసేశాం బాబూ, ఇక బుర్రలోది మిగిలింది, ఏఏ మీటింగుకి వెళ్ళు’ అని. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. వెళ్ళమన్నారు సరే, ఎక్కడని వెళ్ళను? విజయనగరం లాంటి ఊళ్ళో మూడు లాంతర్ల దగ్గర నిలబడి ‘తాగుడు మానేవాళ్ళు ఎక్కడ కలుస్తారండీ’ అని ఒక్కరిని అడిగితే సాయంత్రానికి మా వీధికి కబురు వచ్చేస్తుంది. తాగి రోడ్డు మీద పడిపోయినప్పుడు లేని సిగ్గు ఆ మాట అడగడానికి అడ్డొచ్చింది. ఎవరో ఇచ్చిన పాత అడ్రసు పట్టుకుని ఒక స్కూలుకి వెళితే వాచ్‌మన్ ‘ఆళ్ళిక్కడ లేరు, ఎప్పుడో మారిపోనారు’ అన్నాడు. ఆ రోజు తిరిగి వస్తూ షాపు ముందు ఆగాను. ఆగాను, అంతే, ఎలా దాటానో నాకే తెలియదు.

మర్నాడు ఏఏ వాళ్ళ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. అవతలి పెద్దాయన ఇంటిపేరు అడగలేదు, ఏ ఊరివాళ్ళని అడగలేదు. ‘ఇయ్యాల తాగినావా బావూ?’ అన్నాడు. లేదన్నాను. ‘మరింకేటి, సాయంత్రం ఏడింటికొచ్చీ, నాను గేటు కాడ ఉంటాను.’ ఉన్నాడు.

ఒక చిన్న గది, ప్లాస్టిక్ కుర్చీలు, తొమ్మిదిమంది. నాకు టీ సగం గ్లాసే పోసిచ్చారు, మిగతావాళ్ళకి నిండా. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. రెండు చేతులతో పట్టుకున్నా స్టీలు గ్లాసు పళ్ళకి తగిలి టకటకమంది, టీ మాత్రం ఒలకలేదు. కొత్తగా వచ్చినవాళ్ళ చేతులెలా ఉంటాయో ఆ గదిలో అందరికీ తెలుసు.

ఒక్కొక్కరూ లేచి తన సంగతి చెప్పుకున్నారు. మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు, నీతులు చెప్పలేదు. ఫీజు లేదు, బయటివాళ్ళ విరాళాలు తీసుకోరు, సంచి తిరిగితే ఉన్నవాళ్ళు తోచింది వేస్తారు. చేరడానికి కావాల్సింది ఒక్కటే, మానాలన్న కోరిక. ఈ ఏఏ మొదలైన కథ కూడా అక్కడే విన్నాను. 1935లో అమెరికాలోని యాక్రన్ ఊళ్ళో బిల్ అనే ఆయన మందు మానేసి అయిదు నెలలు, వచ్చిన పని చెడిపోయి హోటల్లో ఒంటరిగా ఉన్నాడు, పక్కనే బారు. తాగకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలి అనిపించి చర్చీల నంబర్లకి ఫోన్లు చేసుకుంటూ పోయాడు, చివరికి బాబ్ అనే డాక్టరు దొరికాడు. మొదటివాడికే వెతుక్కోవాల్సి వచ్చింది అనుకుంటే నా సిగ్గు కాస్త తగ్గింది.

నా వంతు వచ్చినప్పుడు మాల సంగతి చెప్పాను. ఆ పెద్దాయన మీటింగయ్యాక గుమ్మం దగ్గర అన్నాడు, ‘ఇక్కడ 41 లేదు బావూ. ఇయ్యాలొక్కటే. రేపొచ్చి మళ్ళీ ఇయ్యాలే.’

ఆ గది ఎక్కడో ఇక్కడ రాయను, అక్కడికొచ్చేవాళ్ళ గోప్యత ముఖ్యం. ఏఏ హెల్ప్‌లైన్‌కి చేస్తే మీకు దగ్గర్లోది చెబుతారు. ఇంట్లోవాళ్ళ కోసం అలనాన్ అని వేరే ఉంది, మా ఆవిడకి అది తెలియడానికి ఆలస్యమైంది, అది నాకిప్పటికీ బాధే. మనసు బాగోలేక ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రయినా సరే. మీటింగు రోజుల్లో ఏడింటికి ముందు నేను గేటు దగ్గరే ఉంటున్నాను. రెండుసార్లు దాటి వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చేవాళ్ళని చూడగానే గుర్తుపడతాను.