ముక్కు దూలం వంకర: కేస్ షీట్ నుంచి కోడ్ దాకా నా అనుభవం

హన్మకొండలో ఈఎన్‌టీ కేసుల ఇన్సూరెన్స్ ఫైళ్లు చూస్తుంటాను. ముక్కు దూలం వంకరకు, జబ్బులకు కోడ్లిచ్చే అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో కోడ్ జె34.2. అది వెతకడానికి అర నిమిషం చాలు. ఫైలు మాత్రం కేస్ షీట్‌లోని ఒక్క మాట దగ్గర ఆగిపోతుంది.

"చిన్నప్పటిసంది ముక్కు బందైతాంది సారూ" అంటారు పేషెంట్లు. డ్యూటీ డాక్టర్ "సిన్స్ చైల్డ్‌హుడ్" అని రాసేస్తారు. అది చదివిన టీపీఏ వాళ్లు (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసేవాళ్లు), పాలసీకి ముందునుంచే ఉన్న జబ్బు కదా అని క్వెరీ పెడతారు. పుట్టుకతో వచ్చిందా అనీ అడుగుతారు. దానికి కోడే వేరు, క్యూ67.4. అందుకే అడ్మిషన్‌కు ముందే మూడు సంగతులు అడిగించి రాయిస్తాను: ఇప్పుడున్నంత ఇబ్బంది ఎప్పట్నుంచి, మొదటిసారి డాక్టర్‌కు చూపించింది ఎప్పుడు, ముక్కుకు దెబ్బ తగిలిందా. నిజంగానే చిన్నప్పట్నుంచి ఉంటే అలాగే రాయాలి. తేదీలు మార్చడం మోసం. పాత ఓపీ చీటీ ఒక్కటి బయటపడితే పేషెంట్ నిండా మునుగుతాడు.

చాలా పాలసీల్లో దూలం సరిచేసే ఆపరేషన్‌కు (సెప్టోప్లాస్టీ) 24 నెలల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అందాకా క్లెయిమ్ కుదరదు. పాలసీ మొదలైన తేదీ ముందే చూసుకోవాలి.

వట్టి "డీఎన్ఎస్" (దూలం వంకరకు ఇంగ్లిష్‌లో పొట్టి పేరు) అని రాస్తే చాలదు. జె34.2లో కుడి, ఎడమ తేడా లేదు కదా అని ఎటువైపో రాయకుండా వదిలేస్తుంటారు. ఎండోస్కోపీ రిపోర్టులో "ఎడమకు వంకర, కింద స్పర్ (దూలం మీద ముల్లులా పొడుచుకొచ్చిన భాగం)" అని ఉండి, ఆపరేషన్ నోట్‌లో కుడి అని పడితే డిశ్చార్జ్ రోజు బిల్లు కదలదు. టర్బినేట్లు (ముక్కు లోపలి పక్క గోడల మీది మడతలు) పెరిగితే జె34.3 అదనంగా వేయాలి. సీటీలో కనిపించింది కదా అని నేనే వేసేయను, డాక్టర్ డయాగ్నోసిస్‌లో రాయాలి. సైనసైటిస్ 12 వారాలు దాటితేనే క్రానిక్. మాక్సిలరీ అని రాస్తే జె32.0, ఏ సైనసో రాయకుంటే జె32.9. ముక్కు దిబ్బడకు వేరే కోడ్ అక్కర్లేదు, అది జె34.2 లక్షణమే.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోసే హమాలీలకు తుమ్ములు మామూలే. డాక్టర్ అలర్జీ అని తేల్చకుండా అలర్జిక్ రైనైటిస్ కోడ్ జె30.4 వేయకూడదు. వాసోమోటార్ రైనైటిస్ (అలర్జీ లేకుండానే ముక్కు కారడం, దిబ్బడ) అని రాస్తే అది జె30.0.

ఇక ప్రీ-ఆథ్‌లో (ఆపరేషన్‌కు ముందే ఇన్సూరెన్స్ అనుమతి కోసం పంపే కాగితాల్లో) నేజల్ స్ప్రే ఏది, ఎన్ని వారాలు వాడారు, అయినా శ్వాస ఎందుకు ఆడటం లేదు అన్నది ఉండాలి. "సెప్టోప్లాస్టీ" బదులు ఒక్క కాగితంలో "సెప్టోరైనోప్లాస్టీ" (ముక్కు ఆకారాన్ని కూడా మార్చే ఆపరేషన్) అని పడినా, అందం కోసం చేసిన ఆపరేషనేమో అని ఫైలు వెనక్కి వస్తుంది.